ఇత్తడి రాకుమారి చెంపన దిష్టిచుక్క

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. నిప్పులలోయలోకి దిగే రాతిమెట్ల మీద బొగ్గు గంపలు మోసేవాళ్ళ వరస చీమలబారులా సాగుతోంది. ఆ వరసలో చిట్టచివర ఇద్దరున్నారు. ముందు నడుస్తున్నది ఇద్రు, కొండమీద పోతవాళ్ళ గూడెం పిల్ల. మైనంతో బొమ్మ చేసి, దానిమీద మట్టి పూసి, నిప్పు మీద మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో ఇత్తడి పోసే పని వాళ్ళది. ఆ గూడెంలో పిల్లలకి మాటలు రావడానికంటే ముందే మైనం తీగ చుట్టడం వచ్చేస్తుంది. వెనక తూలుకుంటూ వస్తున్నవాడు నీలకేతు. ఒళ్ళంతా మసి, నెత్తిన చింకి తలపాగా, నడుముకి గోనెగుడ్డ. చూసినవాడెవడూ అతన్ని శంఖపురి యువరాజు అనుకోడు, గంప పట్టుకున్న తీరు చూస్తే తప్ప.

"గంపని కిరీటం పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంటవేంది? గట్టిగ కావిలించుకో. బొగ్గేం అలగదు," అంది ఇద్రు వెనక్కి తిరక్కుండానే.

"కిరీటం ఇంత గుచ్చుకోదు," అన్నాడు నీలకేతు పళ్ళ బిగువున.

"గుచ్చుకుంటే రాజులకు జర బుద్ధొచ్చేది."

మాటలు తేలిగ్గానే ఉన్నాయి గానీ ఇద్దరూ వచ్చింది తమ వాళ్ళని విడిపించుకోవడానికి. నీలకేతు అక్క కువలయని లోహజిహ్వుడనే మాంత్రికుడు ఎత్తుకొచ్చి ఈ లోయలో పెట్టాడు. ఎందుకంటే శంఖపురి కోటకి ఉన్నది ఒకటే ద్వారం. ఏనుగులు కుమ్మినా బెదరని రాతి తలుపు అది. ఆ తలుపులో చెంప ఆకారంలో ఒక గుంట ఉంది. రాజవంశపు ఆడబిడ్డ వచ్చి తన ఎడమ చెంప అందులో ఆనించాలి. చెంపకీ రాయికీ మధ్య వెంట్రుక కూడా దూరనంతగా అతుక్కుంటేనే తలుపు కదులుతుంది. కువలయ ప్రాణం పోయినా ఆ పని చెయ్యదని మాంత్రికుడికి తెలుసు. అందుకే వాడికి కావలసింది కువలయ కాదు. అచ్చం కువలయలాగే ఉండి, చెప్పిన మాట చెప్పినట్టు వినే ఇత్తడి కువలయ.

ఇద్రుకీ ఈ లోయతో పెద్ద లెక్కే ఉంది. ఆమె తేనెపట్టు కోసం కొండకొమ్ముకి పోయిన పూట మాంత్రికుడు గూడెం మీద పడి పోతవాళ్ళందర్నీ పశువుల్లా తోలుకొచ్చాడు. ఆమెని పెంచిన అవ్వ మాన్కుబాయి కూడా ఇక్కడే ఉంది.

ఆఖరి మలుపు తిరిగారు. ఇద్రు కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

లోయ అడుగంతా కొలిములే. తోలు తిత్తులు ఊగిన ప్రతిసారీ మంటలు కొండచిలువల్లా తలెత్తి బుసకొడుతున్నాయి. కరిగే ఇత్తడి నుంచి ఆకుపచ్చా తెలుపూ కలిసిన జ్వాలలు లేచి, పొగలో నెమలి పింఛాల్లా విచ్చుకుని, కొండచరియల మీద రంగులు పూసి మాయమైపోతున్నాయి. ఆ వెలుగులో వరసలు వరసలుగా నిలబడ్డారు ఇత్తడి సైనికులు. అబ్బ, ఏం పోత అది. కనురెప్పల్లో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. మెడమీద నరం ఉబ్బు తెలుస్తోంది. ఒకడి బుగ్గలో సగం నమిలిన ఆకు అలాగే ఇత్తడైపోయింది. ఇంకొకడు తుమ్మబోతూ ఆగిపోయినట్టు ముక్కు చిట్లించి ఉన్నాడు. ఏ ఒక్కడి మొహమూ ఇంకొకడిది కాదు. ఎండ వాళ్ళ భుజాల మీద పడి తేనెలా జారుతోంది.

ఇంత గొప్ప పని ఇద్రు పుట్టి చూడలేదు. చూస్తూ చూస్తూ ఆమెకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక్క అతుకు లేదు, ఒక్క బుడగ లేదు. ఇలా పొయ్యగలిగిన చేతులు భూమ్మీద ఒక్క గూడెంలోనే ఉన్నాయి.

అవి తన వాళ్ళ చేతులే.

కావలి ఇత్తడి బంట్లు గంపలున్న వాళ్ళనల్లా లోపలికి వదిలారు. ఆ కళ్ళకి మసి పూసుకున్న మనుషులంతా ఒక్కటే. ఇద్దరూ బొగ్గు కుప్ప చాటునుంచి జారి, తాటాకుల పందిరి కిందకి దూరారు.

అక్కడ ఉంది కువలయ.

నీలకేతు చేతిలో గంప జారబోతే ఇద్రు పట్టుకుంది. కువలయ ఒక రాతిపీట మీద కూర్చుని ఉంది, తల కొంచెం పైకెత్తి, ఎవరినో తిట్టబోతున్నట్టు. కానీ ఆమె ఒళ్ళు ఒళ్ళు కాదు. మైనం. తేనెరంగు మైనం. మాంత్రికుడి చూపు తగిలితే కండ మైనమైపోతుంది, ఎముక మట్టైపోతుంది అని గూడెంలో ముసలాళ్ళు చెప్పగా ఇద్రు విన్నదే, కానీ చూడ్డం వేరు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ మైనం ముద్ద కూడా కాదు. తీగ. వెంట్రుక కంటే సన్నని తీగ, చుట్టలు చుట్టలుగా, చెంపల మీద మెలికలుగా, వేళ్ళ మీద ఉంగరాలుగా, మొదలెక్కడో తుదెక్కడో తెలీకుండా చుట్టి ఉంది. లోపల మట్టి, పైన తీగ. గూడెంలో తాము చేసే బొమ్మలాగే.

ఇద్రు చెయ్యి చాపింది గానీ తాకలేకపోయింది. మనుషులందర్నీ ఎవరో ఇట్లనే చుట్టిండ్రా? నన్ను కూడా?

"నీడల ఉండనియ్యి బిడ్డా. ఎండ తగిల్తె ఆ పిల్ల జారిపోతది," అంది వెనకనుంచి ఒక గొంతు.

మాన్కుబాయి. మనిషి సగానికి సగం చిక్కిపోయింది, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. మనవరాలిని గుండెకి హత్తుకుంది, ఏడవలేదు, తల వాసన చూసి వదిలేసింది. తర్వాత గబగబా ఉన్నది ఉన్నట్టు చెప్పుకొచ్చింది. సాయంత్రంలోపు ఈ రాకుమారిని పోత పొయ్యాలట. పొయ్యగానే మాంత్రికుడు వచ్చి ఇత్తడి కళ్ళలోకి సూటిగా చూస్తాడట. ఆ చూపు లోపలి మట్టిలోకి దిగిందా, ఇంక ఆ బొమ్మ వాడి కుక్క.

నీలకేతు ఆగలేకపోయాడు. "అవ్వా, పోత చెడగొట్టొచ్చుగా? గాలి దారి మూసేస్తే అచ్చు పగిలిపోతుందని ఇద్రే చెప్పింది. ఇన్నాళ్ళూ ఇంతమందిని ఇంత చక్కగా ఎందుకు పోశారు?"

మాన్కుబాయి తన వేళ్ళ వంక చూసుకుంది. అది ఆమె గూడెం మొత్తాన్నీ కాల్చేస్తున్న ప్రశ్న. పోతవాళ్ళకి ఒక ఒట్టుంది. మొదటిసారి మైనం చేతికిచ్చే రోజున కొలిమితల్లి ముందు పెట్టిస్తారు. కావాలని పోత చెడగొట్టిన చెయ్యి మళ్ళీ మైనం ముట్టకూడదు, ఆ ఇంటి చేతులేవీ ముట్టకూడదు. కొరడాలకి లొంగలేదు వాళ్ళు, ఆకలికి లొంగలేదు, కానీ మైనం చేతిలోకి రాగానే తప్పు చెయ్యడం ఎలాగో ఆ వేళ్ళకి తెలీలేదు. రాక్షసుడికి సైన్యం చేసిపెడుతున్నామని తెలిసీ కనురెప్పలు విడివిడిగా వచ్చేలా పోశారు.

"మా మంచి పనే మా పాపమైంది కొడకా," అంది చివరికి. "ఒక్కటి మాత్రం దాచిన. రా."

పందిరి వెనక కొండలో ఒక గుహ. అందులో కుండలు. గోడ పొడుగునా, చీకట్లోకి, ఎంత దూరమో తెలీనంత దూరం. ప్రతి కుండలో నీళ్ళు, నీళ్ళలో మైనం. కరిగిన మైనం నేలమీద పడితే తేనెటీగలు కొండ విడిచి పోతాయని పోతవాళ్ళ నమ్మకం. అందుకే అచ్చు లోంచి కారే ప్రతి బొట్టునీ నీళ్ళకుండలో పడతారు. మాంత్రికుడు చూసి, పీనాసి ముండావాళ్ళు మైనం దాచుకుంటున్నారని నవ్వుకున్నాడు. ఆ మైనం ఎవరి ఒళ్ళో వాడు ఆలోచించలేదు.

గుహలో గాలి లేదు. అయినా మెల్లగా, నిద్రపోతున్న ఊరిలా, ఊపిరి వినిపిస్తోంది.

నీలకేతు నెమ్మదిగా మోకాళ్ళమీద కూర్చుని, ఎవరిదో తెలీని ఒక కుండకి దణ్ణం పెట్టాడు.

మాన్కుబాయి చెప్పింది విని ఇద్రుకి దారి సగం కనిపించింది. కండ కుండలో ఉంటుంది, ఎముక ఇత్తడి లోపల మట్టిగా ఉంటుంది. రెండూ ఉంటే మళ్ళీ మనిషిని చుట్టొచ్చని ముసలాళ్ళ మాట. రెంటిలో ఏది పోయినా మనిషి లేడు. అంటే కువలయ పోత ఆగకూడదు, అచ్చు పగిలితే ఎముకలు మట్టిలో కలిసిపోతాయి. ఆ చెంప మాత్రం రాతి గుంటలో అతుక్కోకూడదు. ఒట్టు తప్పకూడదు. ఇన్ని ముళ్ళు ఒకేసారి విప్పాలి.

ఆమె కువలయ మొహం వంక చూసింది. చూడగా చూడగా చిన్నప్పటి అలవాటు ఒకటి వేలి కొసకి వచ్చి కూర్చుంది.

"అవ్వా, దిష్టిచుక్క ఏది?"

మాన్కుబాయి ఉలిక్కిపడింది.

గూడెంలో ఏ బొమ్మ మరీ అందంగా వచ్చినా, మట్టి పూసేముందు ఇంటి ఆడపిల్ల చిటికెడు మైనం నోట్లో మెత్తబరిచి, బొమ్మ ఎడమ బుగ్గ మీద చుక్క పెడుతుంది. పోసిన తర్వాత అది ఇత్తడిలో మొటిమలా తేలుతుంది. పాపాయికి కాటుకచుక్క పెట్టినట్టే. అది పోత చెడగొట్టడం కాదు, పోతకి చేసే ముద్దు. లోహజిహ్వుడు వచ్చిన రోజే ఆ చుక్క పెట్టొద్దని ఆజ్ఞ వేశాడు. పెట్టిన మొదటి పిల్లని అక్కడికక్కడే మైనం చేసేశాడు. ఆ తర్వాత ఎవరూ పెట్టలేదు.

"ఎడమ చెంపేనా?" అన్నాడు నీలకేతు మెల్లగా. అతని కళ్ళు మెరిశాయి. చెంపకీ రాయికీ మధ్య వెంట్రుక కూడా దూరకూడదు. మైనపుచుక్కంత ఇత్తడి దూరితే?

ఇంతలో గంట మోగింది. అది గంట కాదు. లోహజిహ్వుడు నవ్వుతున్నాడు.

ఇద్రు మెరుపులా మట్టితొట్టి దగ్గరికి దూకి, మొహానికి ఇంత బురద పులుముకుని, చిటికెడు మైనం నోట్లో వేసుకుంది. నీలకేతు గంప నెత్తికెత్తుకుని బొగ్గుకుప్పలో బొగ్గులా కలిసిపోయాడు.

మాంత్రికుడు పందిరిలోకి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ఒంటిమీద రాగిరేకుల అంగీ, నడిస్తే వానలో ఇంటికప్పులా చిటపటలాడుతుంది. నోరు తెరిస్తే లోపల నాలుక లేదు, ఎర్రటి రాగి కడ్డీ ఊగుతుంది. మాట్లాడితే ప్రతి మాటా జేగంట మీద కొట్టినట్టు మోగి, పక్కనున్న వాళ్ళ పళ్ళు జివ్వుమంటాయి. వాడి కళ్ళలోకి ఎవరూ చూడరు. చూసినవాళ్ళు చెప్పడానికి మిగల్లేదు.

వాడు కువలయ చుట్టూ తిరిగాడు. ఎడమ చెంప దగ్గర వంగి, గోటి చివరతో గాల్లోనే గీతలు గీస్తూ అణువణువూ చూశాడు. మచ్చ లేదు. సంతోషించాడు. మట్టి పూయమన్నాడు. అప్పుడు వాడి నీడ ఇద్రు మీద పడింది.

"ఇది కొత్త మొహం. నీ పేరేమిటి పిల్లా?"

ఇద్రు నోట్లో మైనం. నోరు తెరిస్తే తేనె వాసన గుప్పుమంటుంది. నేలచూపులు చూస్తూ బొమ్మలా నిలబడింది.

"మూగది సామీ," అంది మాన్కుబాయి. "పుట్టుకతోటే."

మాంత్రికుడు ముచ్చటపడ్డాడు. నాలుక లేనివాళ్ళంటే తనకి జాలి అన్నాడు, తనకీ ఒకప్పుడు లేదన్నాడు, కరిగిన రాగి ఒక గరిటెడు పోస్తే చక్కగా మాటలొస్తాయన్నాడు. ఏదీ, నోరు తెరిచి చూపించమన్నాడు. ఇద్రు గడ్డం కిందకి వాడి చల్లటి వేలు వచ్చింది.

ఢమాల్మని బొగ్గుగంప పడింది. లోయంతా నల్లటి దుమ్ము లేచింది. యువరాజావారు గంప మోయడం రాక పడ్డారో, వచ్చి పడేశారో ఎవరికీ తెలీదు గానీ, బొగ్గులు దొర్లి దొర్లి వెళ్ళి మాంత్రికుడి పాదాల మీద పడ్డాయి. వాడు బుస్సున తిరిగాడు. ఇత్తడి బంటు ఒకడు నీలకేతు వీపు మీద ఒక్కటి అంటించాడు. రాజ్యం ఏలాల్సిన కుర్రాడు కిక్కురుమనకుండా నేలమీద పాకుతూ బొగ్గులు ఏరుకున్నాడు.

ఆ గుక్కెడు సమయం చాలు. ఇద్రు మైనాన్ని నాలుక కొసకి తెచ్చి, వేలి మీదకి తీసుకుని, కువలయ ఎడమ చెంపన చుక్క పెట్టింది. పెట్టేటప్పుడు పెదవి కదిపి, గూడెం ఆడపిల్లలు అనే మాటే లోపల అనుకుంది. నా కన్నే తగలాలె, ఇంకో కన్ను తగలొద్దు. మరుక్షణం మెత్తటి పుట్టమన్ను ఆ చుక్కని కప్పేసింది.

ఇక పని మొదలైంది చూడండి.

మెత్తటి మన్ను మీద పొట్టు కలిపిన ముతక మన్ను, దానిమీద ఇనపతీగల కట్టు. చూస్తుండగానే కువలయ మాయమై ఒక మట్టికొండ మిగిలింది. మామూలుగా అయితే అది ఆరడానికి రోజులు పట్టేది. లోహజిహ్వుడు వచ్చి ఉఫ్ అని ఊదాడు, వేసవి గాలుపులన్నీ ఒక్క ఊపిరిలో వచ్చినట్టు తడంతా ఆవిరైపోయింది. అచ్చుని నిప్పుల మీద పెట్టారు. కింద గొట్టం దగ్గర నీళ్ళకుండ పట్టుకుని కూర్చుంది మాన్కుబాయి.

మొదటి బొట్టు పడింది. తర్వాత ధార. ఎండలో తేనెతీగలా, ఎక్కడా తెగకుండా, మిలమిల మెరుస్తూ మైనం జారుతోంది. నీళ్ళలో పడి చుట్టలు చుట్టుకుని పువ్వులా విచ్చుకుంటోంది. నీలకేతు పెదవి కొరుక్కున్నాడు, నెత్తురు కారేదాకా. తన జుట్టు దువ్విన చేతులు అవి. తనకి కత్తి పట్టడం నేర్పిన భుజం అది. ఒక్క బొట్టు నేలమీద పడలేదు. ముసల్దాని చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.

"పొయ్యండి," అన్నాడు మాంత్రికుడు.

మూసలు కొలిముల్లోంచి పైకి లేచాయి. పెద్ద పెద్ద మట్టిపాత్రలవి, వాటిలో కరిగిన ఇత్తడి సాయంత్రపు సూర్యుణ్ణి కోసి పోసినట్టు ఉంది. పటకారులతో పట్టుకుని పోతవాళ్ళు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. పోత మధ్యలో మాట్లాడకూడదు. ధార అచ్చు నోట్లోకి దిగింది. ఖాళీ అయిన కువలయ లోపలికి, వేళ్ళలోకి, రెప్పల్లోకి, చెంపమీది చుక్కలోకి కూడా నిప్పు నడుచుకుంటూ వెళ్ళింది. గాలి దారుల్లోంచి సన్నటి ఈల వచ్చింది. అది వినడానికి లోయ మొత్తం నిశ్శబ్దమైపోయింది. పోత బాగా కుదిరితేనే ఆ ఈల వస్తుంది.

మాంత్రికుడు మళ్ళీ ఊది అచ్చుని చల్లబరిచాడు. సుత్తి దెబ్బలకి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.

ఎవరూ కదల్లేదు. కొరడా పట్టుకున్న వాళ్ళు కూడా కొరడా దించేశారు.

కాలిన మట్టిలోంచి బంగారంలాంటి ఇత్తడి కువలయ బయటపడింది. తల పైకెత్తి, తిట్టబోతున్నట్టు, అలాగే. వేల మెలికల తీగ ఆమె ఒంటి మీద నదిలా పారుతోంది. పడమటి వెలుగు ఆ తీగల సందుల్లో ఇరుక్కుని బయటికి రాలేక వెలిగిపోతోంది. ఇద్రుకి ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఇంత అందమైన వస్తువు లోకంలో ఉండొచ్చా అని.

ఎడమ చెంప మీద ఇంకా మట్టి అంటుకుని ఉంది.

లోహజిహ్వుడు ఆమె ముందు నిలబడి, రెండు కళ్ళూ తెరిచాడు. వాడి చూపు పచ్చటి పొగలా సాగి ఇత్తడి కళ్ళ వైపు వెళ్ళింది. వెళ్ళి, కళ్ళ దాకా వెళ్ళి, ఎవరో దారి మళ్ళించినట్టు పక్కకి జారింది. చెంప మీదకి. అక్కడ మట్టి చిటుక్కున రాలింది.

కందిగింజంత ఇత్తడిచుక్క.

చూపు ఆ చుక్క చుట్టూ గిరగిరా తిరిగి, మీద పడి, చుర్రుమని ఆరిపోయింది. చెడ్డ కన్ను ముందు దిష్టిచుక్క మీద పడుతుంది, అందుకే కదా పెట్టేది. తలుపు తెరుచుకోకుండా ఉండాలని పెట్టిన చుక్క, ఎవరూ అనుకోని పని చేసింది. మాంత్రికుడి ఆజ్ఞ లోపలి మట్టిలోకి దిగలేదు. ఆ చూపు సెగకి మట్టి మాత్రం మేలుకుంది.

ఇత్తడి రెప్పలు కొట్టుకున్నాయి. ఇత్తడి కువలయ పీట మీంచి లేచింది. నేల అదిరింది. ఆమె మాంత్రికుణ్ణి చూసింది, ఎందుకూ పనికిరాని వస్తువుని చూసినట్టు. వాణ్ణి దాటి, బంట్లని దాటి, తల తిప్పి తిప్పి వెతికింది. బురద మొహంతో, పెదవి మీద ఇంకా మైనం అంటుకున్న ఒక పిల్ల దగ్గర ఆ చూపు ఆగింది.

"ఎవరు పెట్టారది?" మాంత్రికుడి అరుపుకి తాటాకుల పందిరి కూలిపోయింది.

"నేనే," అంది ఇద్రు.

"మూగదానివన్నారే."

"నీ మొహం చూస్తె మాట పోయింది. ఇప్పుడొచ్చింది."

వాడు ఆమె మీదకి కళ్ళు తెరిచేలోపు ఇత్తడి చెయ్యి అడ్డం వచ్చింది. ఇంకో ఇత్తడి చెయ్యి ఇద్రుని ఒడుపుగా ఎత్తి భుజం మీద పెట్టుకుంది. నీలకేతు తలపాగా విసిరేసి, బంటు చేతిలో కత్తి లాక్కుని పరుగెత్తుకొచ్చాడు. మాన్కుబాయి మైనం కుండని చీరకొంగుతో మూతికట్టి అతని చేతుల్లో పెట్టింది.

"ఇది మీ అక్క కండ. అగో, అది మీ అక్క ఎముక. రెండిట్ల ఒకటి పోయినా లేనట్టే. నేల మీద పడనియ్యకు."

"నువ్వూ రా అవ్వా," అని ఇద్రు చెయ్యి చాపింది.

"గుహల ఇంతమంది పండుకున్నరు. వీళ్ళని ఎవరి మీద వదిలి వస్త బిడ్డా?" అని ముసల్ది గుహ వైపు నడిచింది. పోతవాళ్ళందరూ పటకారులు పట్టుకుని ఆమె వెనక గుహ నోరు మూసి నిలబడ్డారు. ఇన్నాళ్ళకి ఆ చేతులకి చెయ్యకూడని పని ఏదో, చెయ్యాల్సిన పని ఏదో తెలిసింది.

ఇక పరుగే పరుగు. ఇత్తడి కువలయ ఒక భుజాన ఇద్రు, ఒక చంకన నీలకేతు, అతని గుండెకి కుండ. అడుగేస్తే రాళ్ళు పిండి. కొలిముల మధ్యగా, నిప్పుల మీదుగా, అడ్డొచ్చిన బంట్లని కంచు పళ్ళేల్లా పక్కకి నెట్టుకుంటూ లోయ గోడ ఎక్కేసింది. వెనక వందల ఇత్తడి పాదాలు. కొండంతా ఒక పెద్ద గంటలా మోగుతోంది.

పైకొచ్చేసరికి ముందు అగాధం. అడుగున ఎక్కడో నీళ్ళు తెల్లటి దారంలా ఉన్నాయి. దానిమీద అవతలి ఒడ్డుకి అడవితీగల వంతెన. చెంచులు మేకని తోలుకెళ్ళినా ఊగే వంతెన అది. ఇత్తడి మనిషి అడుగు పెడితే తెగుతుంది.

కువలయకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇద్దర్నీ కిందకి దించింది. తమ్ముడి తల మీద ఒక్కసారి చెయ్యి పెట్టింది, ఎంత మెల్లగా అంటే, అంత బరువున్న చెయ్యి అని తెలీనంత మెల్లగా. తర్వాత వంతెన మొదట్లో లోయ వైపు తిరిగి నిలబడింది.

"అక్కా," అన్నాడు నీలకేతు. కాళ్ళు కదల్లేదు.

"నడువు," అంది ఇద్రు. "సగం అక్క నీ చేతిలనే ఉంది. ఆమెని దాటించు. మిగతా సగానికి మళ్ళొస్తం."

వంతెన నడిమికి వచ్చారు. తీగలు కిర్రుమంటున్నాయి. వెనక ఇత్తడి మీద ఇత్తడి ఢీకొన్న మోత ఆకాశానికి తగులుతోంది. ఇద్రు వెనక్కి తిరిగి చూసింది. సూర్యుడు సరిగ్గా వాళ్ళ వెనకే కుంగుతున్నాడు. ఆ ఎర్రటి వెలుగులో కువలయ ఒక్కతే ఇంతమందికి ఆనకట్టలా నిలబడి ఉంది. ఆమె మీదుగా, కొండ చివర ఎక్కి, లోహజిహ్వుడు నోరు తెరిచాడు. రాగి నాలుక తెల్లగా కాలింది. వాడు ఊదాడు.

నిప్పుగాలి వచ్చి వంతెన కట్లకి తగిలింది. కువలయ ఉన్న వైపు తీగలు భగ్గుమని అంటుకుని, ఒకటి తెగింది, రెండోది తెగింది. వంతెన కాళ్ళ కింద నుంచి జారిపోయింది. ఇద్రు ఒక చేత్తో తీగ, ఇంకో చేత్తో నీలకేతు నడుము పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

పడలేదు.

కళ్ళు తెరిచి చూస్తే, అక్కడ ఒడ్డున, తెగిన తీగల కొసలు రెండూ రెండు పిడికిళ్ళలో బిగించి, వీపు మీద కత్తులు దిగుతున్నా కదలకుండా, మోకాళ్ళ దాకా రాతిలో దిగబడి కువలయ వంతెనని పట్టుకుని ఉంది. ఆమె చెంప మీద చుక్క చివరి ఎండకి నక్షత్రంలా మెరిసింది.

"ఇద్రూ," అన్నాడు నీలకేతు. "కుండ కాలుతోంది."

నిప్పుగాలి ఇక్కడిదాకా వచ్చి తగిలింది కాబోలు, కుండలో నీళ్ళు సలసలా మరుగుతున్నాయి. మట్టికుండ మీద జుట్టంత బీట, ఇంకాస్త, ఇంకాస్త. అడుగున ఒక తేనెరంగు బొట్టు ఊరి, కిందకి వేలాడింది. కింద నేల. చాలా దూరాన, కానీ నేలే.

ఇద్రు తీగ వదలకుండా రెండో చెయ్యి చాపింది. బొట్టు ఆమె అరచేతిలో పడింది. కాలింది, అయినా చెయ్యి తియ్యలేదు.

అప్పుడే కుండ మూతికి కట్టిన కొంగు లోపలినుంచి ఉబ్బింది. ముడి సడలింది. ఆవిరిలోంచి, నీళ్ళు కారుతూ, తీగలు తీగలుగా వాటంతటవే చుట్టుకుంటూ ఐదు మైనపు వేళ్ళు పైకొచ్చాయి. వచ్చి, తమ్ముడి మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి.

అటు ఒడ్డున, అదే క్షణంలో, ఆ పట్టు తన చేతికే తెలిసినట్టు, ఇత్తడి కువలయ తల తిప్పి ఇటు చూసింది.